అవ్వలకు ఆల్ప్స్ పాఠం

వయోజనులకు అక్షరాలు నేర్పే తరగతి ఎక్కడ మొదలైనా, విదేశం నుంచి దిగిన పెద్దమనిషి ఒకాయన అక్కడ ప్రత్యక్షమవుతాడు. కొడుకు దగ్గర కొన్నాళ్లుండి వచ్చాడు. ఫోన్ నిండా ఫొటోలు, ఇంట్లో చూసే దిక్కు లేదు. చాప మీద బుద్ధిగా కూర్చున్న అవ్వలు కనబడగానే ప్రాణం లేచొస్తుంది. ‘పాపం, పొలిమేర దాటనివాళ్లు, లోకం చూపిద్దాం’ అని ప్రొజెక్టర్ బిగిస్తాడు.

కర్ణాటకలోని పావగడ తాలూకా అవ్వలా పొలిమేర దాటనివాళ్లు! తాలూకా చుట్టూ ముప్పాతిక భాగం ఆంధ్రే. మధుగిరి మీదుగా సొంత జిల్లా కేంద్రం తుమకూరుకు పోవాలన్నా నడుమ ఆంధ్రలోని మడకశిర సీమ తొక్కాల్సిందే. పెద్దాస్పత్రికి పోయొచ్చే అవ్వ వీసా గీసా లేకుండానే సరిహద్దులు దాటేస్తుంది. ఇంట్లో తెలుగు, బస్సు బోర్డు మీద కన్నడం, కరువేళ బెంగళూరులో ఇసుక తట్ట మోస్తే మేస్త్రీ తిట్లు ఏ భాషలో పడితే ఆ భాషలో. 2023 జూన్ 11న ‘శక్తి’ పథకం కింద ఆడవాళ్లకు సర్కారు బస్సుల్లో ఛార్జీ లేకుండా పోయాక, ఆధార్ కార్డు కొంగున కట్టుకుని ధర్మస్థల దాకా పోయొచ్చినవాళ్లున్నారు. ఏ బస్టాండులో ఆడవాళ్లకు మరుగుందో, ఎక్కడ చెయ్యెత్తినా బస్సు ఆపరో వీళ్లనడగాలి.

ఆయన అడగడు. ‘జర్మనీలో ఇళ్ల మీద సోలార్ పలకలుంటాయమ్మా!’ అంటాడు. ఎవరితో? అదే తాలూకాలో తిరుమణి పక్కనుండేవాళ్లతో! అక్కడ అయిదూళ్ల నేల, దాదాపు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. శెనక్కాయలు పీకిన చేలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన గుత్తకు పోయాయి. సెంటు భూమి లేని కూలీకి గుత్తా లేదు, చేలో పనీ పోయింది. ‘ఆ పలకలకు గుత్త ఎంతిస్తారు నాయనా?’ అని ఒక అవ్వ అడిగిందనుకోండి, చటుక్కున తర్వాతి ఫొటో వస్తుంది. మంచుకొండ. ముందు ఆయన, వెనక కొండ.

చూసొచ్చింది చెప్పడానికీ ఓ పద్ధతుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఏ వస్తువులు దొరుకుతాయి, దారి ఎలాంటిది అన్నీ రాసిపెట్టాడు. వెనక వచ్చేవాడికి పనికొస్తుందని. ఆయన దగ్గర సెల్ఫీ స్టిక్ లేకపోవడం మన అదృష్టం.

తరగతికి పనికొచ్చే పాఠమంటే ఇదీ: 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే ఆడవాళ్ల వాచకంలో సారా పాఠం ఉంది. మొగుడు తాగడం, ఇల్లు గుల్లవడం, అంతా వాళ్ల బతుకే. చదివారు, వెళ్లి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు ఊరూరా అంటుకుంది, 1993 అక్టోబర్ 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా బంద్ అయింది. ఆ రోజు తరగతికి మన పెద్దమనిషి స్విట్జర్లాండ్ ఫొటోలతో వెళ్లి ఉంటే సారా కాంట్రాక్టర్లు ఆయనకు శాలువా కప్పేవారు.

అయినా ఆయనకు చెప్పాలనే ముచ్చట ఉంటే చెప్పనీండి. ముందు మైకు అవ్వకిచ్చి, ఒక పూట తను చాప మీద కూర్చోవాలి. మోకాళ్లు సహకరించవంటాడా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి కీళ్లు బిగిసినవాళ్ల మధ్య ఆ మాట కాస్త మెల్లగా అనమనండి. స్విట్జర్లాండ్‌లో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చని అంతకుముందే చెప్పి ఉన్నాడాయె.