ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా!

ఇంటి నుంచి పని చేయడంలో కష్టమంతా ఇంటితోనే. తెలుగు ఇళ్లలో ఓ మనిషి పట్టపగలు ఇంట్లో కూర్చున్నాడంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఒళ్లో ల్యాప్‌టాప్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తెర మీద మేనేజరు ఉన్నా ఆ లెక్క మారదు. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా" అన్న ఒక్క మాటతో పాలు పొంగకుండా చూడటం, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడికి ఓటీపీ చెప్పడం, పక్క ఫ్లాట్ వాళ్ల కొరియర్ పుచ్చుకోవడం అన్నీ ఆ ప్రాణి మెడకే చుట్టుకుంటాయి.

ఇలా అయితే పని జరుగుతుందా అన్న అనుమానాన్ని చైనా ట్రావెల్ కంపెనీ సీట్రిప్ 2010 చివర్లోనే తీర్చుకోవడానికి పూనుకుంది. షాంఘై కాల్‌సెంటర్ ఉద్యోగుల్లో కొందరి చేత తొమ్మిది నెలలపాటు, వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేయించింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం లెక్క తీస్తే పని 13 శాతం పెరిగింది. అందులో పెద్ద వాటా విరామాలు, సెలవులు తగ్గడం వల్ల వచ్చిందే. అంతా అయ్యాక ఒంటరితనం భరించలేక దాదాపు సగం మంది మళ్లీ ఆఫీసు బాట పట్టారు. అన్నట్టు, అందులో చేరాలంటే ఇంట్లో విడిగా ఓ గది ఉండాలన్నది షరతు. ఇదే షరతు అమీర్‌పేటలో పెట్టి ఉంటే ప్రయోగం దరఖాస్తుల దగ్గరే ఆగిపోయేది. ఒంటరితనం ఫిర్యాదు మాత్రం ఒక్కటీ వచ్చేది కాదు.

మనకు ఆ షరతులేవీ లేకుండానే 2020 మార్చిలో కరోనా వచ్చి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులను తెచ్చి డైనింగ్ టేబుళ్ల మీద పడేసింది. డైనింగ్ టేబుల్‌తో చిక్కేమిటంటే, ఒంటిగంటకు సాంబారు గిన్నె వస్తే ల్యాప్‌టాప్ లేచిపోవాలి. మంచం ఇంకా ప్రమాదం. అక్కడ పదింటికి నడుము వాలుతుంది, పదకొండింటికి మనిషే వాలిపోతాడు. ఉన్నంతలో గోడ వారగా ఓ చిన్న బల్ల, వీపు ఆనే కుర్చీ నయం. తెర పైఅంచు కళ్లకు ఎదురుగా రావాలి కాబట్టి ల్యాప్‌టాప్ కింద పాత ఎంసెట్ గైడ్లు పేర్చి, కీబోర్డు విడిగా పెట్టుకోవచ్చు. ఇన్నాళ్లకు ఆ గైడ్లు ఒకరి ఎదుగుదలకు పనికొస్తాయి. కళ్లు అలసిపోకుండా 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లపాటు చూడమంటారు. అపార్ట్‌మెంట్లలో అంత దూరాన ఉండేది ఎదురింటి వంటగది కనుక, ఆకాశం వైపు చూడటం క్షేమం.

చప్పుడు సంగతి వేరే చెప్పాలి. అవతల క్లయింటు గంభీరంగా బడ్జెట్ గురించి మాట్లాడుతుంటాడు. ఇవతల మ్యూట్ తీసి నోరు తెరిచే సమయానికే వెనక నుంచి అమ్మ గొంతు: "ఒరేయ్, మూడు విజిల్స్ వచ్చాయి, స్టవ్ కట్టెయ్యి!" నాలుగో విజిల్ కూడా మీటింగ్‌లో అందరికీ వినిపిస్తుంది. దీనికి మందు ఒకటుంది. మర్నాటి కాల్స్ వేళలు కాగితం మీద రాసి ముందురోజే ఫ్రిజ్ తలుపుకు అంటించాలి. ఇంట్లోవాళ్లు "పని"ని పట్టించుకోరు గానీ "మీటింగ్" అంటే కాస్త జంకుతారు. అందుకే చేయి తిరిగినవాళ్లు ఒంటరిగా తల పట్టుకుని కూర్చోవాల్సిన రెండు గంటలను కూడా మీటింగ్ కిందే రాసేస్తారు. కుటుంబ శాంతి కోసం ఆడే అబద్ధం కాబట్టి దోషం లేదు.

మొదలుపెట్టడం కన్నా ఆపడమే కష్టం. చేతిలో ఎంత వ్యవధి ఉంటే పని అంతకూ సాగుతుందని బ్రిటిష్ చరిత్రకారుడు పార్కిన్సన్ 1955లోనే రాశాడు. అందులో అమెరికా క్లయింటు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది! వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. అలాంటివాళ్లు మధ్యాహ్నం కొన్ని గంటలు ఖాళీ ఉంచుకుని, ఆ సంగతి మేనేజరుకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి. పని ముగిశాక ల్యాప్‌టాప్ మూసి, కరివేపాకు వంకతోనైనా వీధి చివరిదాకా నడిచొస్తే ఆఫీసు నుంచి వచ్చినట్టే ఉంటుంది. డ్యూటీ వేళలు దాటాక ఆఫీసు మెయిళ్లకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంగా అమల్లోకి తెచ్చింది. మన దగ్గర ఆ హక్కును ఒకప్పుడు కరెంటోళ్లు ఇప్పించేవాళ్లు. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలుపుకున్నాక అదీ పోయింది.