నీళ్ల సంగతి నీళ్లే చూసుకుంటాయి

మాది గుంటూరు. ఇంటి ముందు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఖాళీ జాగా. నేల అచ్చమైన నల్లరేగడి. దాని మీద ప్లాస్టిక్ గడ్డి పరిపించి రెండు వానాకాలాలు గడిపినవాణ్ణి కాబట్టి సలహా చెప్పే అర్హత నాకుంది. నేను చేసినట్టే చేయండి, నాకు దక్కిందే మీకూ దక్కుతుంది.

ముందు ముహూర్తం. రోహిణి కార్తె మించింది లేదు. నేల చెక్కలా ఎండి ఉంటుంది, ఇక్కడ నీళ్లు నిలుస్తాయేమోనన్న అనుమానమే రాదు. అప్పటికి మా జాగాలో అరచెయ్యి నిలువునా దూరేంత నెర్రెలు. మా మనవడి గోళీలు మూడు వాటిలో పడి మళ్లీ కనబడలేదు. ఆ నెర్రెల్లో ఇసుక పోసి పూడ్చేయండి. వానలు మొదలయ్యాక రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది. మునుపటి చోటులో ఇసుక కూర్చుని ఉంటుంది గనక పక్కకి జరగలేక పైకి లేస్తుంది. గోల్ఫు మైదానాలకి డబ్బు పోసి పెట్టించుకునే మిట్టపల్లాలు మనకి ఊరికే వస్తాయి.

గుంట పరీక్ష జోలికి మాత్రం పోవద్దు. అడుగు లోతు గుంట తీసి, నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకి ఎంత దిగాయో కొలుచుకోమంటారు తెలిసినవాళ్లు. రేగడిలో గంటకి నాలుగైదు మిల్లీమీటర్లు దిగితే గొప్పే. రాత్రి పోసిన నీళ్లలో పొద్దున మొహం చూసుకున్నాక గడ్డి కొనడానికి ఎవరికి చెయ్యొస్తుంది?

మేస్త్రిలతో జాగ్రత్త. మావాడు లెవెల్ ట్యూబు ఒక కొస గేటు దగ్గర, రెండో కొస మెట్ల దగ్గర పట్టించి, ట్యూబులో నీటిమట్టం చూసి పెన్సిలుతో గోడ మీద గీత గీశాడు. "వాటం ఎటు పెట్టమంటారండీ?" అన్నాడు.

"వాటం ఎందుకయ్యా, ఇదేమన్నా బాత్‌రూమా?"

"బాత్‌రూమ్‌లో నాలుగు బకెట్లేనండీ," అన్నాడు చెవి మీద పెన్సిలు పెట్టుకుంటూ. పది అడుగులకి అంగుళంపావు చొప్పున గేటు వైపు దించుదామని అతని లెక్క. నేను క్యారమ్ బోర్డులా ఉండాలన్నాను. ఉంది కూడా, జూన్ దాకా. తర్వాత గేటు వైపు ఉబ్బి, మెట్ల వైపు కుంగి, నేల తన వాటం తనే పెట్టుకుంది. ఇంటివైపు.

అతనింకా చాలా చెప్పాడు. పైమట్టి తీసేసి, జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద నాలుగంగుళాల కంకర, ఆపైన సన్న చిప్స్ పోసి దిమ్మిస కొట్టాలట. కంకర కొన్నాను, గుడ్డ మానేశాను. మట్టికి గుడ్డ కట్టడమేమిటి? ఆ గుడ్డ లేకపోతే మెత్తబడ్డ మట్టి కంకర సందుల్లోకి ఎక్కుతుంది, కంకర మట్టిలోకి దిగుతుంది. ఒక్క వానాకాలంలో ట్రాక్టరు కంకర మొత్తం మా నేల మింగేసింది. ఆకలిమీదున్నట్టుంది.

రెండో ఏడు తుంగ మొలకలు గడ్డిని పొడుచుకుని పైకి వచ్చాయి. గడ్డి లేపించి కింద టార్పాలిన్ పరిపించాను. ప్లాస్టిక్ గడ్డి వీపున వరసగా చిల్లులుంటాయి, నీళ్లు దిగడానికి. అవన్నీ చక్కగా మూసుకుపోయాయి.

డాబా మీది వాన పైపు సంగతి. దాన్ని సరాసరి గడ్డి మీదికే వదలండి, పచ్చదనానికి నీళ్లు అందాలి కదా. మా డాబా వెయ్యి చదరపు అడుగులు. రెండంగుళాల వాన పడితే ఆ ఒక్క పైపు నుంచే దాదాపు 4,700 లీటర్లు దిగుతాయి, వాకిట్లో నేరుగా పడేది ఇంకో 2,800. ట్యాంకరు నీళ్లకి ఎంత తీసుకుంటున్నారో మీకు తెలుసు.

మేస్త్రి పోరు పడలేక చిల్లుల పైపు కూడా వేయించాను. ఇంటివైపు అడుగున్నర కాలవ తవ్వి, కంకర నడుమ నాలుగంగుళాల పైపు. దాన్ని వీధి కాలవలో కలపాలంటే ప్రహరీ కింద తవ్వాలన్నాడు. అప్పుడే రంగులేయించిన ప్రహరీ! పైపు కొసకి మూత బిగించేయమన్నాను. పోనీ ఇంకుడు గుంటైనా పెట్టండన్నాడు. ఆరడుగులు తవ్వించాను. ఇంకాలంటే అడుగున ఇంకే పొర తగలాలి, మాకు ఆరడుగులూ రేగడే తగిలింది. ఇప్పుడు దాన్ని బావి అంటున్నాం.

మొన్న అక్టోబరు వానలకి మనవడు గడ్డి మీద కాలు పెట్టాడు. పచాక్‌మని మోకాలి దాకా చిమ్మింది. "తాతయ్యా, గడ్డి ఊగుతోంది!" అని వాడు మళ్లీ మళ్లీ గెంతాడు. నేను వంగి ఓ మూల ఎత్తి చూశాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. టార్పాలిన్ మీద నల్లటి జిగురు, అందులో పాలిపోయిన వానపాము, దాని పక్కన నా వైపే చూస్తూ ఓ కప్ప. మా ఆవిడ వసారాలోంచే, "ఏమండీ, నాటు వేయించేద్దామా?" అంది.

తడిసిన గడ్డిని చుట్టి గేటు దాటించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. ప్రస్తుతం అది ప్రహరీ మీద ఆరుతోంది, గోడ రంగు పోతోంది. మే నెలలో మళ్లీ పరిపిస్తాను. ఈసారి టార్పాలిన్ రెండు వరసలు.