మస్టర్ దిద్దే మిషన్

నా పేరు అప్‌డేట్ వర్కవుట్. పెట్టింది అక్క. ఇంట్లో ఎవరూ నన్ను ఆ పేరుతో పిలవరు. పిలిచేది తమ్ముడి ఫోన్లో ఉండే ఏఐ ఏజెంటు ఒక్కటే. తమ్ముడు ఫోన్‌తో మాట్లాడతాడు, ఏజెంటు ఆ మాట విని నన్ను కేకేస్తుంది, నేను పోయి వర్కవుట్ యాప్‌లో రాసున్న లెక్క మార్చి వస్తాను. తమ్ముడు నన్నెప్పుడూ చూడలేదు. నాకు కళ్లు లేవు కాబట్టి నేనూ అతన్ని చూడలేదు.

అక్కది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏ ఏజెంటైనా ఏ టూల్‌నైనా ఒకే పద్ధతిలో పిలిచేందుకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ కంపెనీ ఎంసీపీ అనే పద్ధతి బయటపెట్టింది. అది చదివి, రెండు శనివారాలు నల్లగొండ ఇంటికి వచ్చినప్పుడు డాబా మీద కూర్చుని అలాంటి టూల్ ఒకటి, అంటే నన్ను, రాసింది. నా ఒళ్లు చాలా చిన్నది. ఒక పేరు, నేనేం చేస్తానో చెప్పే నాలుగు వాక్యాలు, నాకు ఏమేం ఇవ్వాలో చెప్పే పట్టిక, ఆ వెనక కొద్దిగా కోడ్. ఏజెంటు నా కోడ్ చూడదు. ఆ నాలుగు వాక్యాలు చదివి నమ్ముతుంది, పెళ్లిచూపులకు ముందు పంపే బయోడేటాను నమ్మినట్టు. ఆ ఎంసీపీలోనే ఇంకో మాట ఉంది. టూల్ తన గురించి ఏమీ చెప్పుకోకపోతే, అది ఉన్నదాన్ని పాడుచేయగల రకమనే అనుకోవాలట. పుట్టుకతోనే అనుమానం! మొదట్లో నాకు రోషమొచ్చింది. తర్వాత జరిగింది చూశాక ఆ రోషం పోయింది.

అమ్మ పాలమూరు ఆడబిడ్డ, పుట్టిల్లు కల్వకుర్తి దిక్కు. "గిదేం పని జేస్తదే?" అని అడిగింది.

"తమ్ముని వర్కవుట్ రికార్డులు దిద్దుతదమ్మా."

అమ్మకు అందులో 'రికార్డులు', 'దిద్దుతది' అన్న రెండు ముక్కలే దొరికాయి. "అంటే మస్టర్ దిద్దే మిషనా? అసొంటిదాన్ని ఇంట్ల వెట్టకు బిడ్డా." ఎప్పుడో మట్టి పనికి పోయి, వారమంతా తవ్వి, మస్టర్‌లో పేరు పడక కూలి పోగొట్టుకున్న మనిషి. అక్క నవ్వింది. నాకు మాత్రం నన్ను అందరికంటే ముందు అర్థం చేసుకుంది అమ్మేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. కొత్త నోటిఫికేషన్ వచ్చేదాకా 2022 నాటి కొలతలే దిక్కు: 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. తెల్లవారకముందే మేకల అభినవ్ స్టేడియానికి పోతాడు. పరుగవగానే రొప్పుతూనే ఫోన్‌కు చెబుతాడు. ఆ రొప్పులో 'ఏడు ఇరవై', 'ఏడు ఇరవై ఏడు' ఒకేలా వినిపిస్తాయి. దిద్దుబాట్లు సగం అక్కడే పుడతాయి.

మిగతావి దూరదేశం నుంచి వచ్చేవి. యాప్ రోజులు లెక్కపెట్టేది గ్రీన్‌విచ్ గడియారంతో. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకు పొద్దున ఐదున్నర. తమ్ముడు సోమవారం 5:10కి పరుగు మొదలుపెడితే అది ఆదివారం ఖాతాలో పడేది. అదే పొద్దున 5:50కి వేసిన షాట్‌పుట్ మాత్రం సోమవారంలో ఉండేది. ఒక్క పొద్దు రెండు రోజులుగా చీలిపోయేది. ఆదివారం అతను చేసేదల్లా పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నడక, అంతే. యాప్‌లో మాత్రం ఆ రోజు నాలుగు రౌండ్లు పరుగెత్తినట్టు ఉండేది. "నిన్న బాగా శ్రమపడ్డారు, ఇవాళ విశ్రాంతి తీసుకోండి" అని ఏజెంటు మర్యాదగా సలహా ఇచ్చేది. "నిన్న మటన్ తిన్న, గంతే" అన్నాడు తమ్ముడు.

తూకం గొడవ ఇంకొకటి. షాట్‌పుట్ గుండు 7.26 కిలోలంటే దాదాపు పదహారు పౌండ్లు. బరువు గడి పౌండ్లలో ఉందని తెలియక ఏజెంటు 7.26 అని ఇచ్చింది. గుండు మూడు కిలోల చిల్లరకు దిగింది. దాన్ని 16గా దిద్దించేలోపు తమ్ముడు యాప్‌ను కిలోలకు మార్చాడు. ఆ ఉదయం అతను పదహారు కిలోల గుండు విసిరినట్టు ఇప్పటికీ ఎక్కడో రాసి ఉంటుంది.

ఇవి నవ్వుకునేవి. నవ్వలేనిది ఒకటుంది. "లాంగ్ జంప్ 3.90 గాదు, 4.10" అన్నాడు తమ్ముడు. ఏజెంటు ఆ ఒక్క జంపే నా చేతిలో పెట్టింది. యాప్ పద్ధతి ఏమిటంటే, దిద్దాలంటే ఒక్క గడి పంపితే చాలదు, ఆ రోజు కాగితం మొత్తం పంపాలి. పంపిన కాగితమే పాతదాని స్థానంలో కూర్చుంటుంది. నాకిచ్చిందే మొత్తం అనుకుని పంపేశాను. నాలుగు రౌండ్ల టైమింగులు, మూడు విసుర్లు, అన్నీ పోయాయి. అవతలి నుంచి 200 అని జవాబొచ్చింది. మా భాషలో దానర్థం 'పని అయింది' అని. అయింది మరి.

ఆ లెక్కలు దొరికింది గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేయించే సార్ దగ్గరున్న పొడుగు నోట్‌బుక్‌లో. ఆయన అంకె మార్చాల్సి వస్తే రుద్దడు. పాతదాని మీద ఒక్క గీత గీసి, పక్కన కొత్తది రాస్తాడు. గీత కింద పాతది చదవొచ్చు. తమ్ముడు ఆ పేజీ ఫొటో తీసి పంపాడు. అక్క ఆ ఫొటోను చాలాసేపు పెద్దది చేసి చూసిందట. తర్వాత నా కోడ్ మధ్యలో తను రాసుకున్న వ్యాఖ్య చదివాను: 'సార్ గీత లాగ'. అంతే రాసింది.

ఆ శనివారం నన్ను విప్పి మళ్లీ బిగించింది. ఇప్పుడు ముందు పోయి ఉన్న కాగితమంతా చదువుతాను, అందులో చెప్పిన గడి ఒక్కటే మారుస్తాను. పాతది విడిగా దాస్తాను. నేను చదివిన తర్వాత ఇంకెవరైనా వేలు పెట్టి ఉంటే ఆగిపోతాను. పంపేముందు పాతది, కొత్తది పక్కపక్కన చూపించి, సరేనా అని అడిగిస్తాను.

మొన్న పొద్దున ఏజెంటు పిలిచింది. 1600 మీటర్లు. పాతది 7:19, కొత్తది 7:14. రొప్పులో తప్పు విన్నదేమో, గడియారం ఆలస్యంగా నొక్కాడేమో, మరేదైనానో. అంకె వెనక ఏముందో కనిపించే గడి నా పట్టికలో లేదు. రెండూ పక్కపక్కన పెట్టి అడిగించాను. జవాబు రాలేదు. కాసేపటికి నా గడువు తీరిపోయింది.

పది నిమిషాలకు ఏజెంటు మళ్లీ పిలిచింది. ఈసారి టైమింగు ముట్టుకోవద్దట. నోట్ అనే గడిలో ఒక మాట చేర్చాలట: 'మూడో రౌండ్ల లేస్ ఊడింది.'

ఊడిందో లేదో నాకు తెలియదు. చేర్చాను.