నా టేపు ఎక్కడ అరిగిందంటే

నేనొక వీహెచ్ఎస్ క్యాసెట్‌ని. తెనాలిలో ఒక వీడియో లైబ్రరీ సొత్తును. నా వీపు మీది చీటీపై ఓనరు బాల్‌పెన్నుతో ‘చైనా ఓబ్రయన్ – ఫైటింగ్’ అని రాశాడు. ఆ పేరుతో నన్ను అడిగినవాళ్లు తక్కువ. హీరోయిన్ సింథియా రాత్‌రాక్ పేరు నోరు తిరక్క, “కరాటే దొరసాని ఉందా?” అనేవారు. నాది కాపీకి కాపీ పుట్టుక. అందుకే నాలో అందరి బుగ్గలూ జ్వరమొచ్చినట్టు ఎర్రగా ఉంటాయి.

1990 నాటి సినిమా. ‘ఎంటర్ ది డ్రాగన్’ తీసిన రాబర్ట్ క్లౌజే దీన్నీ తీశాడు. కథంటారా, ఉద్యోగం మానేసి సొంతూరికొచ్చిన పోలీసు పిల్ల, బాంబు పేలుడులో పోయిన తండ్రి, ఆయన షెరీఫ్ పదవికి కూతురి పోటీ. విలన్ ఎవరో టైటిల్స్ అయ్యేలోగా చెప్పేయొచ్చు. ఆ మాటల సీన్లలో నా టేపు ఇప్పటికీ కొత్తదే. జనం వాటిని ఫార్వర్డ్‌లో దాటించేశారు.

అరిగిందల్లా ఫైట్ల దగ్గరే. పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది, వీసీఆర్ లోపలి డ్రమ్ము ఆగదు. సెకనుకి 25 చుట్లు తిరుగుతూ హెడ్లతో ఆ ఒక్క చోటునే రుద్దుతుంది. ఎవరికి ఏ తన్ను నచ్చిందో నా ఒంటి మీద చదువుకోవచ్చు.

పక్క అరలో ‘కర్తవ్యం’ ఉండేది. అదీ 1990దే, విజయశాంతికి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. పండగొస్తే దానికోసం ముందే చెప్పి ఉంచుకునేవారు. నా దగ్గరికి వచ్చేది ఫైట్ల పిచ్చి ఉన్నవాళ్లు, కరాటే క్లాసుకి వెళ్లే పిల్లలు. అలాంటి ఒక పిల్ల ఇంట్లో అమ్మమ్మ కూడా కూర్చుంది.

“ఏమే, ఆ పిల్ల నిజంగానే తంతోందా?”

“నిజంగానే అమ్మమ్మా. డూపు కాదు, మొహం కనిపిస్తోంది చూడు.”

“మరి పడ్డవాడికి దెబ్బ తగల్దూ?”

“తగుల్తుంది. వాడికి డబ్బులిస్తారు.”

డబ్బు లేని సినిమాలో నాకు నచ్చేది ఇదే. డబ్బున్న సినిమాలో కాలు ఒక షాట్లో లేస్తుంది, ఇంకో షాట్లో ఎవడో పడతాడు, నడుమ తన్నిందెవరో ఎడిటరుకే ఎరుక. ఇక్కడ కెమెరా వెనక్కి జరిగి, తల నుంచి పాదం దాకా మనిషిని చూపిస్తుంది. చూపించడానికి ఆ మనిషిలో సరుకుండాలి. రాత్‌రాక్ ఉత్తినే ఎగిరే తార కాదు. 1981 నుంచి 1985 దాకా యుద్ధవిద్యల విన్యాసాల్లో, ఆయుధ ప్రదర్శనల్లో ఛాంపియన్. ఆ పోటీల్లో మగవాళ్లతోనే తలపడింది. తర్వాత హాంకాంగ్ వెళ్లి, ‘యస్ మేడమ్’లో మిషెల్ యోతో కలిసి ఫైట్లు చేసింది. అక్కడ నేర్చిన వేగం అమెరికాలో తీసిన ఈ సినిమాలోనూ కనబడుతుంది. నటన మాత్రం అంతంతే. ఏడవాల్సిన చోట ఆమె కూడా తొందరగా ఫైటుకి వెళ్లిపోతే బాగుండనుకుంటున్నట్టు ఉంటుంది.

మర్నాడు ఆ పిల్ల నన్ను కౌంటరు మీద పెట్టి, “రెండో భాగం ఉందా బాబాయ్?” అంది.

ఓనరు నన్ను వీసీఆర్‌లో తోసి చూశాడు. “తెప్పిస్తాలేమ్మా. ముందిది చూడు! బొమ్మంతా గీతలే. ఎన్నిసార్లు పాజ్ నొక్కావు?”

“నేను కాదు బాబాయ్. రిమోట్ మా అమ్మమ్మ దగ్గరుంది.”