మర్యాదస్తుడైన దొంగతో వచ్చిన చిక్కు

మన బీమా కంపెనీల దృష్టిలో దొంగ కావడం అంత తేలిక కాదు. దానికి కొన్ని అర్హతలున్నాయి. తాళం పగలగొట్టాలి, లేదా కిటికీ ఊచలు వంచాలి, అదీ చేతకాకపోతే వాచ్‌మన్‌ని కనీసం ఒక తోపైనా తొయ్యాలి. ఇవేమీ చెయ్యకుండా తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి, నలుగురికీ నమస్కారం పెట్టి, చేతికందింది పట్టుకుపోయేవాడు పోలీసుల లెక్కలో దొంగే. బర్గ్లరీ పాలసీ లెక్కలో మాత్రం వాడు అతిథి.

ఈ తేడా తెలియక ఎక్కువగా మునిగేది అద్దె సామాను మీద బతికేవాళ్లు. పెళ్లి వీడియో తీసే కుర్రాణ్నే తీసుకోండి. సొంత కెమెరా ఉంది. కానీ ఆడపెళ్లివారు "సినిమాలా ఉండాలి" అన్నారు. దాంతో హైదరాబాద్ కృష్ణానగర్ వెళ్లి కెమెరా, మూడు లెన్సులు, గింబల్ రెండు రోజులకి అద్దెకు తెచ్చాడు. అన్నిటి ఖరీదూ కలిపి నాలుగు లక్షల పైమాటే. ఒరిజినల్ ఆధార్ కార్డు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అక్కడ వదిలి వచ్చాడు. జీలకర్ర బెల్లం తీశాడు, తలంబ్రాలు తీశాడు, మబ్బు పట్టిన ఆకాశంలో అరుంధతీ నక్షత్రాన్ని కూడా తీశాడు. అప్పుడు పెళ్లికూతురి మేనమామ భుజం తట్టి, "ఇంక అప్పగింతలే కదా తమ్ముడూ, నాలుగో బంతి వేస్తున్నారు, పోయి తినిరా" అన్నాడు. కుర్రాడు బ్యాగు స్టేజీ మీద సోఫా వెనకాల పెట్టి వెళ్లాడు. పెరుగన్నం దాకా తిని తిరిగొచ్చేసరికి సోఫా ఉంది, సోఫా వెనకాల గోడ ఉంది.

పట్టుకెళ్లినవాడు పట్టుపంచె కట్టుకునే వచ్చి ఉంటాడు. గుమ్మం దగ్గర వాడి మీద పన్నీరు చల్లి లోపలికి పంపింది మనమే. వధూవరుల మీద నాలుగు అక్షింతలు వేసి, పక్కన నిలబడి ఫొటో కూడా దిగి ఉంటాడు. ఆ ఫొటో ఉన్న మెమరీ కార్డు ఇప్పుడు వాడి దగ్గరే ఉంది.

కుర్రాడు వణుకుతూ ఓనరుకి ఫోన్ చేస్తాడు. ఓనరు ఒక్క క్షణం కూడా కంగారు పడడు. "ముందు రసీదు వెనక చూడు తమ్ముడూ" అంటాడు. రసీదు వెనక చీమతలంత అక్షరాల్లో ఉంటుంది: సరుకు తీసుకున్నాక ఏ కారణం చేత పోయినా, పాడైనా తీసుకున్నవారే పూర్తి బాధ్యులు, పూర్తి ధర చెల్లించవలెను, చెల్లించే వరకు రోజు అద్దె నడుచును. పోయిన కెమెరా దొంగ దగ్గర ఖాళీగా కూర్చున్నా, మన కుర్రాడి లెక్కలో మాత్రం రోజూ డ్యూటీ చేస్తూనే ఉంటుందన్నమాట.

నిజానికి చట్టం ఇంత కర్కశం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ ఈ వ్యవహారాలకు దిక్కు. అందులో 151వ సెక్షన్ ప్రకారం, పరాయి సరుకు మన చేతికి వచ్చినప్పుడు, ఓ మామూలు తెలివిగల మనిషి అంత విలువైన తన సొంత సరుకుని ఎలా చూసుకుంటాడో అలా చూసుకుంటే చాలు. 152వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. అంత జాగ్రత్తా తీసుకున్నాక కూడా సరుకు పోతే బాధ్యత లేదు పొమ్మంది. కాకపోతే మధ్యలో చిన్న మెలిక పెట్టింది: వేరే ఒప్పందం లేకపోతేనే. ఆ వేరే ఒప్పందమే రసీదు వెనకాల చీమతలలు. మన పార్లమెంటు పుట్టకముందే దయతో రాసిన సెక్షన్‌ని, ప్రింటింగ్ ప్రెస్సువాడు వెయ్యి రసీదుల ఆర్డరుతో పాటు రద్దు చేసిపెట్టాడు.

సరే, వేరే ఒప్పందం లేదనుకుందాం. జాగ్రత్తగానే చూసుకున్నానని రుజువు చెయ్యాల్సింది కుర్రాడే. నాలుగు లక్షల బ్యాగుని సోఫా వెనక పెట్టి పప్పు, గోంగూర తినడానికి వెళ్లడం మామూలు తెలివిగల మనిషి పనేనా? జడ్జిగారు తన జీవితంలో ఏ పెళ్లిలోనైనా నాలుగో బంతిలో కూర్చుని ఉంటే కొంచెం కనికరించవచ్చు.

ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 154వ సెక్షన్. అందులో ఉదాహరణగా ఒక గుర్రం ఉంది. ఒకాయన కలకత్తాలో గుర్రాన్ని అద్దెకు తీసుకుంటాడు, కాశీకి వెళ్తానని చెప్పి. వెళ్లేది మాత్రం కటక్‌కి. ఎంతో జాగ్రత్తగానే నడిపిస్తాడు పాపం. అయినా గుర్రం కిందపడి దెబ్బ తగిలించుకుంటుంది. డబ్బు కట్టాల్సింది ఆయనే. జాగ్రత్త సంగతి ఎవరూ అడగరు, చెప్పిన చోటికి ఎందుకు పోలేదన్నదే ప్రశ్న. ఆ సెక్షన్లోనే ఇంకో గుర్రం కూడా ఉంది. స్వారీ నీ ఒక్కడికే అని ఇస్తే, ఇంట్లోవాడికి ఇచ్చినందుకు తంటా వచ్చింది. నూట యాభై ఏళ్లు దాటినా ఆ గుర్రాలు మనల్ని తన్నుతూనే ఉన్నాయి. విజయవాడ పెళ్లికని కెమెరా తీసుకుని, ఖాళీ దొరికింది కదా అని కాకినాడ బారసాలకి కూడా పట్టుకెళ్తే కటక్ వెళ్లినట్టే. "బావా, నువ్వు తియ్యి, నేను డ్రోన్ చూసుకుంటా" అని కెమెరా బావమరిది చేతికిస్తే రెండో గుర్రం ఎక్కినట్టే.

161వ సెక్షన్ గురించి అసలు చెప్పకూడదు, రాత్రి నిద్ర పట్టదు. ఆదివారం సాయంత్రం ఆరింటికి తిరిగి ఇస్తానన్నది మన తప్పువల్ల ఇవ్వకపోతే, ఆ తర్వాత ఏం జరిగినా బాధ్యత మనదే. ఆరు దాటాక ఇనప్పెట్టెలో పెట్టి దాని మీద పడుకున్నా సరే. మన పెళ్లిళ్లలో ఏది అనుకున్న టైముకి అయింది గనక?

అందరూ ఆశగా చూసేది బీమా వైపు. ఓనరు పాలసీ తీస్తాడు. అది ఆయన షాపుకి తీసుకున్న బర్గ్లరీ పాలసీ. అందులో రాసిన అడ్రసు కృష్ణానగర్‌ది. దొంగతనం జరిగిన ఫంక్షన్ హాలు మరో జిల్లాలో ఉంది. దొంగకి కాస్త బుద్ధి ఉండి షాపుకే వచ్చి ఉంటే బాగుండేది. వచ్చినా లాభం ఉండేదో లేదో చెప్పలేం, ఎందుకంటే నష్టం లెక్కకట్టడానికి వచ్చే బీమా సర్వేయరు గారి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "తాళం ఎక్కడ పగిలింది? ఫొటో తీశారా?" ఏ కెమెరాతో తియ్యాలో ఆయన చెప్పరు.

సర్వేయరుని తిట్టి లాభం లేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలిన వ్యవహారమిది. 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో కోర్టు ఏమందంటే, పాలసీలో బలవంతంగా, దౌర్జన్యంగా చొరబడితేనే అని రాసుకున్నాక ఉత్త దొంగతనానికి డబ్బు రాదు. అదే తీర్పులో కోర్టు ఇంకో మాట కూడా అంది. మామూలు మనిషి దొంగతనానికి బీమా చేశాననే అనుకుంటాడు, దానికి ముందు దౌర్జన్యం కూడా జరగాలని వాడికేం తెలుసు, ఈ నిర్వచనాన్ని లోకానికి దగ్గరగా మార్చుకోండని బీమా కంపెనీలకు హితవు చెప్పింది. ఆ హితవుని ఎంత భక్తిగా పాటించారంటే, 2016లో ఒడిశాకు చెందిన ప్రభుత్వ సంస్థ ఒకటి యంత్రాలు పోయి అదే కోర్టుకి వచ్చింది, అదే నిర్వచనం అడ్డొచ్చింది, అదే జవాబు విని వెళ్లింది. సర్కారువారి యంత్రాలకే దిక్కు లేనప్పుడు కుర్రాడి గింబల్ ఏపాటిది?

ఎక్కడున్నా వర్తించే ఆల్ రిస్క్ పాలసీలూ ఉన్నాయి. ప్రీమియం ఎక్కువ, కాబట్టి మనవాళ్లు వాటి జోలికి పోరు. పోయినా లోపల చూసుకోవాల్సినవి ఉన్నాయి. మనిషి కాపలా లేకుండా వదిలేసిన సరుకుకి వర్తించదని కొన్నింటిలో ఉంటుంది. అద్దెకిస్తే వర్తించదని కొన్నింటిలో ఉంటుంది. ఇక అద్దెకు తీసుకున్నవాడే సరుకుతో పరారైతే కథే వేరు. అది దొంగతనం కాదట, నమ్మకద్రోహమట. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనానిది 303వ సెక్షన్, నమ్మకద్రోహానిది 316. ఓనరుకి రెండూ ఒకటే, పోయింది కెమెరా. బీమావారికి మాత్రం ఆ పదమూడు సెక్షన్ల దూరంలో బోలెడు జాగా ఉంది. "వాడు ఎత్తుకుపోలేదు సార్, మీరే చేతులారా ఇచ్చారు" అంటారు.

ఇంతలో పోలీసు స్టేషన్లో ఇంకో ముచ్చట. రైటరు గారు ఫిర్యాదుని ప్రేమగా తీసుకుని, "బ్యాగు కనబడుట లేదు" అని రాసుకుందామంటారు. దొంగతనం అని రాస్తే దొంగని పట్టుకోవాలి కదా. ఎఫ్‌ఐఆర్ ఉంటేనే బీమావారు ముఖం చూస్తారు. చివర్లో ఆచూకీ లేదన్న పోలీసు రిపోర్టూ కావాలి. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరగడం సామెత అనుకున్నాం గాని, అది క్లెయిమ్ ఫైలు నడిచే పద్ధతి. ఒక్క ఊరట ఉంది. పోలీసులకి వెంటనే చెప్పి, బీమా కంపెనీకి చెప్పడం మాత్రం ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ని కొట్టెయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. అది ఎత్తుకుపోయిన ట్రాక్టరు కేసు. కాబట్టి ముందు పరుగెత్తాల్సింది స్టేషన్‌కే.

కెమెరా కుర్రాడు కనీసం తలుపులున్న చోట పోగొట్టుకున్నాడు. ఇళ్లు కట్టే మేస్త్రీ సంగతి చూడండి. సెంట్రింగ్ రేకులు, జాకీలు, మిక్సరు అద్దెకు తెచ్చి గోడల్లేని స్లాబు కింద పెడతాడు. రాత్రికి రాత్రి ఆటో వస్తుంది, పొద్దున్నకి రేకులన్నీ పాత ఇనుము కొట్లో తూకం మీద ఉంటాయి. అక్కడ పగలగొట్టడానికి దొంగకి తలుపు కట్టిపెట్టాల్సింది మేస్త్రీయే.

పోనీ, అదృష్టం పండి ఓనరుకి బీమా డబ్బు వచ్చిందనుకోండి. కుర్రాడు వెంకన్నకి కొబ్బరికాయ కొట్టేస్తాడు. తొందరపడకూడదు. డబ్బు కట్టిన బీమా కంపెనీ ఓనరు స్థానంలో నిలబడి, ఆయనకున్న హక్కులన్నీ తీసుకుని కుర్రాడి ఇంటికి నోటీసు పంపవచ్చు. దీన్ని సబ్రొగేషన్ అంటారు. ఆ ప్రీమియం అద్దెలో కలిపి కట్టింది ఎవరయ్యా అంటే కుర్రాడే.

వసూలు దగ్గర కెమెరా వయసు కూడా ఆశ్చర్యంగా మారిపోతుంది. ఓనరు కుర్రాణ్ని అడిగేటప్పుడు అది నిన్న డబ్బా విప్పినంత కొత్తది. అదే ఓనరుకి బీమావారు కట్టేటప్పుడు అయిదేళ్ల ముసలిది, తరుగు పోగా మిగిలేది బెల్టు, లెన్సు మూత.

ఈ మొత్తం గొడవలో ఎవరూ అడగనిది దొంగ బాధ్యత ఒక్కటే. చట్టం అదీ మర్చిపోలేదు. ఆ పాత కాంట్రాక్టు చట్టం 180వ సెక్షన్ ప్రకారం ఓనరైనా, అద్దెకు తీసుకున్నవాడైనా దొంగ మీద దావా వేసుకోవచ్చు. సమన్లు ఏ అడ్రసుకి పంపాలో తెలిస్తే చాలు.

మాఘమాసం ముహూర్తాలు వస్తాయి, కెమెరాలన్నీ మళ్లీ రోడ్డెక్కుతాయి. అద్దెకు తీసుకునే తమ్ముళ్లకి ఒక మనవి. సంతకం పెట్టే ముందు ఆ రసీదు మీదే మూడు ముక్కలు రాయించుకోండి. ఈ సరుకుకి షాపు బయట, అద్దెలో ఉండగా బీమా ఉందా? పోతే కొత్తదాని ధర కట్టాలా, తరుగు పోగా మిగిలిన ధరా? బీమా డబ్బు వచ్చాక మళ్లీ నా మీదికి వస్తారా? ఓనరు నవ్వి, "మన మధ్య ఈ కాగితాలెందుకు తమ్ముడూ" అంటే, మంచిదన్నా అని, ముందు మీ ఆధార్ కార్డూ ఖాళీ చెక్కూ వెనక్కి ఇమ్మనండి.