పాటకు ముద్దాయి కావాలి

పర్యావరణ గీతం తీయడం ఇప్పుడు మన దగ్గర కుటీర పరిశ్రమ. ముడిసరుకు పెద్దగా అక్కర్లేదు. ఒక డ్రోన్, తెల్ల లాల్చీల్లో నలుగురు గాయకులు, దోసిట్లో మొక్క పట్టుకుని కెమెరాకేసి చూసే ఓ పాప ఉంటే చాలు. ఆవిష్కరణ సభకు వీధి పొడవునా ఫ్లెక్సీలు కడతారు. వంద మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది కానీ, మందం కొలిచే పరికరాన్ని సభకు ఎవరూ పిలవరు. ముఖ్య అతిథి ముందున్న ప్లాస్టిక్ సీసాలో నీళ్లు సగమే తాగుతారు. పాటలో మాత్రం ప్రతి నీటిబొట్టూ అమృతమే.

ఇంత చేసినా ఆ పాటలు ఎందుకు పనిచేయవు? గొంతు బాగోలేకనో, ట్యూన్ కుదరకో కాదు. వాటిలో నేరం ఉంటుంది, నేరస్తుడు ఉండడు. నదిని పాడుచేసింది 'మనం', అడవిని నరికింది 'మనం'. ఈ 'మనం' పేరిట ఏ పోలీస్ స్టేషన్‌లోనూ కేసు రాయరు. తారలెక్కువైతే ముద్దాయి దొరుకుతాడనుకోవడానికీ లేదు. అమెరికన్ ర్యాపర్ లిల్ డికీ 2019లో తీసిన 'ఎర్త్' వీడియోలో జస్టిన్ బీబర్ బబూన్‌కూ, అరియానా గ్రాండే జీబ్రాకూ గొంతిచ్చారు. అడవిలోని జంతువులన్నిటికీ వేషాలు దొరికాయి గానీ, చమురు కంపెనీ వేషం ఎవరికీ దక్కలేదు.

దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచిన వీడియో 2015లో వచ్చిన 'కొడైకెనాల్ వోంట్'. చెన్నైకి చెందిన ర్యాపర్ సోఫియా అష్రఫ్ నిక్కీ మినాజ్ హిట్ పాట బాణీ తీసుకుని, భూమాత ఊసెత్తకుండా నేరుగా యూనిలీవర్ పేరు పెట్టి పాడారు. కొడైకెనాల్‌లో ఆ కంపెనీ థర్మామీటర్ల ఫ్యాక్టరీ నడిపింది. పాదరసం అంటిన గాజు ముక్కలు ఊళ్లో పాత సామాన్ల కొట్టులో బయటపడ్డాక 2001లో దాన్ని మూసేశారు. కార్మికుల ఆరోగ్యానికి హాని జరగలేదన్నది కంపెనీ వాదన. అయినా 2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో యూనిలీవర్ భారతీయ విభాగం హిందుస్థాన్ యూనిలీవర్ ఒప్పందం కుదుర్చుకుంది. ఘనతంతా పాటదే అంటే, ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కిన కార్మికులు నవ్విపోతారు. కానీ ఆ ఏళ్లన్నీ అయ్యాక, వీడియో వచ్చిన ఏడాది లోపే సంతకాలు పడ్డాయన్నది కూడా నిజమే.

కంపెనీల్ని తిడితే సరిపోతుందా, జనం అలవాట్లు మారొద్దా అని పెద్దమనుషులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అలవాటు మార్చిన పాట కూడా ఒకటుంది, కాకపోతే దానికి అవార్డులిచ్చేవాళ్లు లేరు. అది పొద్దున్నే వీధిలోకొచ్చే చెత్తబండి మైకులో మోగే పాట. అది వినపడగానే ఇల్లాలు పొయ్యి కట్టేసి డబ్బాతో గుమ్మంలోకొస్తుంది. ఆ పాటలో కవిత్వం లేదు, దాని వెనకాల బండి ఉంది. బండి రాని వీధిలో అదే పాట వెయ్యిసార్లు వేసినా చెత్త కాలవలోకే పోతుంది. ముందు ముద్దాయి అయినా ఉండాలి, వెనక బండి అయినా ఉండాలి. రెండూ లేనప్పుడే డ్రోన్ ఎగరేయాల్సి వస్తుంది.

భూమాతను ఎంత పొగిడినా పరువు నష్టం దావా పడదు కనుక ఆ పాటలకు డబ్బు పెట్టేవాళ్లకు కొదవ లేదు. అదే ముద్దాయి ఉన్న పాటైతే? పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. అదీ శుద్ధి చేశాక! పల్లవికి ఇంతకన్నా ఏం కావాలి? లొకేషన్ హైదరాబాద్ పక్కనే, గాయకులు సిద్ధమే. స్పాన్సర్ ఒక్కడే ఫోన్ ఎత్తడు.