బండి ఎవరు దించాలి?

పైకి అందరం కలిసే వెళతాం. పేచీ అంతా దిగేటప్పుడే. బండెడు మందిమి కొండెక్కితే ఒక్కడు తప్ప అందరూ గాల్లో తేలుతూ కిందికి చేరతారు. బండికి రెక్కల్లేవు కాబట్టి ఆ ఒక్కడూ దాన్ని మట్టిరోడ్డు మీద మలుపులు తిప్పుకుంటూ దించుకురావాలి. కొన్ని వారాలుగా ఆ ఒక్కణ్ణీ నేనే.

మా పారాగ్లైడింగ్ క్లబ్బు నిబంధనల్లో నా పేరేమీ రాసిలేదు. వంతులవారీగా దించాలనే ఉంది. కానీ కింద పార్కింగులో ఉన్నప్పుడు వంతుల మీద అందరికీ ఉండే గౌరవం, పైన గాలి మొహానికి తగలగానే ఎగిరిపోతుంది. మాది కాలిఫోర్నియాలో మిల్పిటాస్ ఊరి వెనక కొండలు. మధ్యాహ్నానికి సముద్రపు పాయ మీంచి పడమటి గాలి లేస్తుంది. మిగతా ఊళ్లలో గాలి దిక్కు చూడ్డానికి విండ్ సాక్ కడతారు. మిల్పిటాస్‌లో ముక్కుంటే చాలు, చెత్తదిబ్బ వాసన గుప్పుమందంటే పడమటి గాలి వచ్చినట్టే. ఆ వాసన తగిలిన మరుక్షణం హార్నెస్‌లు బిగుస్తాయి, హెల్మెట్లు ఎక్కుతాయి. "ఇంతకీ బండి?" అని నేనంటాను. హెల్మెట్లో వినపడదట. అంతకు నిమిషం ముందు ఎవరో గుసగుసగా "గాలి బావుంది" అంటే మాత్రం అందరికీ వినపడింది.

వినపడినవాళ్ల దగ్గర సాకులుంటాయి. ఒకాయనకు మోకాలు నొప్పి, క్లచ్ తొక్కలేడు. ఆ మోకాలితోనే కొండ అంచు దాకా లగెత్తి గాల్లోకి లేస్తాడు. ఇంకొకాయన "వచ్చేవారం నాది" అంటాడు, వచ్చేవారం రాడు. మా గుంటూరు కుర్రాడు ఒకడున్నాడు, కొత్తగా చేరాడు. "నాకు గేర్ల బండి రాదన్నా" అన్నాడు. పొలంలో ట్రాక్టరు మీద పెరిగానని అంతకుముందు వారమే టిఫిన్ దగ్గర గంటసేపు చెప్పినవాడు.

రెండు బండ్లు తెచ్చుకోవచ్చు కదా అని మీరనొచ్చు. మేమూ అనుకున్నాం. ఒక బండి కింద ఉంచి, రెండోదాంట్లో పైకెళ్లి, ఎగిరి దిగాక కిందిదాంట్లో మళ్లీ పైకెళ్లి పైదాన్ని తెచ్చుకోవడం. అప్పుడు పైన రెండు బండ్లుంటాయి. రెండిటినీ దించడానికి ఇద్దరు కావాలి. అప్పటికి సాయంత్రమై కొండంతా గాలి వాటంగా పైకి లేపుతూ ఉంటుంది. బండి దించడానికి వచ్చిన ఆ ఇద్దరూ ఇంకోసారి ఎగురుదామంటారు. ఈ లెక్కకు ముగింపు లేదని తేలి మానుకున్నాం.

నన్నే ఎందుకు పట్టుకుంటారంటే, దానికో శాస్త్రీయ కారణం చూపిస్తారు. అమెరికాలో పారాగ్లైడర్లకు పి-1 నుంచి పి-5 దాకా రేటింగులుంటాయి. నాది పి-2. గాలి కాస్త పెరిగితే పి-2 వాళ్లు ఆగడం క్షేమం. అది నిజమే, కాదనను. కానీ గాలి పెరిగినా పెరగకపోయినా అందరూ ఒకసారి ఆకాశం వంకా, ఒకసారి నా వంకా చూసి "ఇవాళ కొంచెం ఎక్కువే ఉన్నట్టుందే" అంటారు. ఇంత ఆప్యాయత నేను మా మేనమామల దగ్గర కూడా చూడలేదు.

ఇక బండిలో నేను, నాతోపాటు రేడియో. ఒకటో గేరులో బండి మూలుగుతూ దిగుతుంటే, ఆవులు రోడ్డుకి అడ్డంగా నిలబడి నమిలేది నములుతూ నన్ను చూస్తుంటే, రేడియోలో వాళ్లు మాట్లాడుకుంటుంటారు. "కుడివైపుకి రా, గద్దలు తిరుగుతున్నాయి, అక్కడ థర్మల్ ఉంది." "వచ్చా, వచ్చా, అబ్బ!" ఆ "అబ్బ" దగ్గర నేను దిగి గేటు గొలుసు విప్పి, బండి దాటించి, మళ్లీ దిగి గొలుసు వేసి, సాక్సుల్లో గుచ్చుకున్న ఎండుగడ్డి ముళ్లు ఒక్కొక్కటే పీక్కుంటూ ఉంటాను. ఇదే మహద్భాగ్యం అనుకుంటే, ఒక్కోరోజు ఎవరో గాలివాటాన కొండ దాటి వెళ్లిపోయి, ఎక్కడో ఎవరి పశువుల దొడ్లోనో దిగి, మ్యాపు పంపిస్తారు. ఎగిరినవాడికి దూరం రికార్డు. వెళ్లి తెచ్చినవాడికి పెట్రోలు బిల్లు.

నా ఈ ఉద్యోగానికి సంతోషించే మనిషి లోకంలో ఒక్కరే. తణుకు నుంచి అమ్మ వీడియోలో అడుగుతుంది, "ఎగిరావా నాన్నా?" "లేదమ్మా, బండి నడిపాను." "హమ్మయ్య. బండి నడపడమే మంచిది. అదే చెయ్యి."

ఈ విద్య పుట్టినప్పటినుంచీ ఇదే గొడవా అని పుస్తకాలు తిరగేశాను. తొలినాళ్లలో గ్లైడర్లు కట్టుకుని ఎగిరిన లిలియంతాల్ మహానుభావుడు బెర్లిన్ దగ్గర 1894లో ఎగరడానికి తన కొండ తానే పోయించుకున్నాడు. పదిహేను మీటర్ల ఎత్తు. ఏ దిక్కు గాలికి ఆ దిక్కు నుంచి దూకొచ్చు, కింద పడ్డాక నడిచి ఎక్కొచ్చు. బండి సమస్యకు శాశ్వత పరిష్కారం కనిపెట్టినవాడు ఆయనొక్కడే.

తర్వాత ఫ్రాన్సిస్ రొగాలో దగ్గర ఇరుక్కుపోయాను. ఈయన వర్జీనియాలో ప్రభుత్వ విమాన పరిశోధనాలయంలో ఇంజనీరు. హ్యాంగ్ గ్లైడర్లకు మూలమైన మెత్తటి రెక్క ఈయన, భార్య గర్‌ట్రూడ్ కలిసి 1948లో ఇంట్లోనే తయారుచేశారు. వంటింటి కర్టెను కోసి. 1951లో పేటెంటు వచ్చింది. తర్వాత నాసా వాళ్లు జెమిని వ్యోమనౌకను ఇలాంటి రెక్కతోనే నేలకు దించుదామని కొన్నేళ్లు కుస్తీ పట్టి వదిలేశారు. పుస్తకాలన్నీ కర్టెను అని ఒక్క మాటలో తేల్చేసి నాసాలోకి వెళ్లిపోతాయి. నాకు నాసా అక్కర్లేదు. నాకు ఆ కిటికీ సంగతి కావాలి.

ఆ సాయంత్రం వంటింట్లో ఏం జరిగింది? కర్టెను అడిగింది ఆయనా, ఇస్తానన్నది ఆవిడా? ఉతికిన కర్టెనా, పోపు వాసన కొట్టే కర్టెనా? (వర్జీనియాలో పోపు ఉండదు, తెలుసు. బేకన్ పొగ అనుకోండి.) కోశాక మిగిలిన సగం మళ్లీ కిటికీకే వేలాడిందా? ఎదురింటావిడ చూసి ఏమనుకుంది? కొత్త కర్టెను కొన్నది పేటెంటుకు ముందా, తర్వాతా? ఒక్కడంటే ఒక్క చరిత్రకారుడు కూడా ఆ కిటికీ దగ్గర ఆగలేదు. మా వంటింట్లోనూ ఒక కర్టెనుంది, మా వదినగారు మంగళగిరి నుంచి తెచ్చింది. ఈ ఆలోచనల్లో ఉండి నాలుగు రోజులపాటు కాఫీ తాగుతూ దాని వంకే చూశాను. ఐదో రోజు మా ఆవిడ స్టవ్ వైపు తిరిగే ఉండి, "దాని మీద చెయ్యి పడిందో, మీరు ఏ కొండా ఎక్కక్కర్లేదు, ఇక్కణ్ణుంచే ఎగురుతారు" అంది. నేను నోరు విప్పింది లేదు. గర్‌ట్రూడ్ గారికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

అయితే ఒక్కటి గమనించాను. ఆ పేటెంటు ఇద్దరి పేరు మీదా ఉంది. ఆ రెక్కను గాలిపటంలా ఎగరేసి చూడ్డానికి వాళ్లిద్దరూ ఎక్కడెక్కడికి వెళ్లేవారో, తిరిగొచ్చేటప్పుడు స్టీరింగు ఎవరి చేతిలో ఉండేదో నాకు తెలీదు. ఎవరు నడిపినా పేరైతే కాగితానికెక్కింది. మా లాగ్‌బుక్కులో తేదీకి గడి ఉంది, స్థలానికి ఉంది, ఎంతసేపు ఎగిరారో దానికి ఉంది. బండి దించినవాడికి లేదు.

ఈ బండి నిజానికి మాది కాదు. డెబ్భై దాటిన ఒక పెద్దాయనది. అల్యూమినియం గొట్టాల హ్యాంగ్ గ్లైడర్ల కాలం నుంచీ ఈ కొండమీద ఎగిరినవాడు. భుజం ఆపరేషనయ్యాక గ్లైడర్ అమ్మేశాడు. ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం వచ్చేవాడు, బండి దించడానికి. సీటు చిరిగిన చోటల్లా టేపు, ఏంటెన్నాకి గాలి చూడ్డానికి ఎర్ర రిబ్బను. ఆయన ఉన్నన్నాళ్లు మాకు ఈ పేచీ లేదు. కింద దిగేసరికి బండి ఉండేది, ఎలా వచ్చిందని అడిగినవాళ్లు లేరు. బరిటో కొనిచ్చేవాళ్లం, చెల్లయిపోయిందనుకునేవాళ్లం. కిందటేడు ఆరెగాన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తాళాలు క్లబ్బుకి ఇచ్చేశాడు. ఆయన లేడని మాకు తెలిసింది పైన నిలబడి "బండి ఎవరు దించుతారు" అని ఒకరి మొహాలొకరు చూసుకున్నప్పుడు. ఎగరడం మానేసినవాడు ప్రతి వారం ఎగిరేవాళ్ల మధ్యకు ఎందుకొచ్చేవాడో, ఇప్పుడు రేడియో వింటూ దిగుతున్నప్పుడు కొంచెం అర్థమవుతుంది. అందరూ లేచి వెళ్లాక వెంటనే బయల్దేరబుద్ధి కాదు. ఇంజన్ ఆపి కాసేపు కూర్చుంటాను. అలాగని అది నాకు ఇష్టమని ఎవరికీ చెప్పకండి, జీవితాంతం నాకే అంటగడతారు.

ఈ ఆదివారం గాలి అద్భుతంగా ఉంటుందట. నిన్న రాత్రి గుంటూరు కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, బండిలో నాకు చోటుందా?"

"ఉంది. డ్రైవరు సీటే ఖాళీ. గేర్లు నేను నేర్పిస్తాలే, ట్రాక్టరు కంటే తేలిక."

అటు పక్క కాసేపు చప్పుడు లేదు. "అయ్యో, ఇప్పుడే గుర్తొచ్చిందన్నా. ఆదివారం మా పిన్నిగారింట్లో సత్యనారాయణ వ్రతం."

"వ్రతం పదింటికల్లా అయిపోతుంది. గాలి మధ్యాహ్నం గాని లేవదు. ప్రసాదం తిన్నాకే రా."

చూసి చెప్తానన్నాడు. ఇంకా చూస్తున్నాడు.